వెనక నుంచి నేర్చుకున్న పాట

నా మోకాళ్లు చప్పుడు చేస్తే గజపతినగరం సంతలో పశువులు తాళ్లు తెంపుకుంటాయని మా ఆయన నలుగురిలోనూ చెబుతాడు. అంత లేదు. ఓ రెండు గేదెలు బెదిరి ఉంటాయి, అంతే. అలాంటి మోకాళ్లతో, ముప్ఫయ్యెనిమిదేళ్ల వయసులో, రికార్డింగు డాన్సు ట్రూపులో ఒక పాట కోసం ట్రయలుకి వెళ్లాను. జాతర్లలో స్టేజీ మీద మెరుపుల జాకెట్టూ, ఒంటిరంగు బిగుతు డ్రెస్సూ వేసుకుని, ముందు వరసలో మగాళ్లు ఈలలేస్తూంటే నడుం తిప్పుతూ ఆడే డాన్సు అది. నేనేమీ ఇంట్లోంచి పారిపోయి వెళ్లలేదు. పొద్దున్నే అన్నం వండి, మూతపెట్టి, మూత మీద బరువు కూడా పెట్టి, పదిన్నర బస్సెక్కాను.

నా అసలు పని కుట్టుమిషను. పన్నెండేళ్లుగా ఆ ట్రూపుకి బట్టలు కుట్టింది నేనే. ఒంటిరంగు డ్రెస్సు కుట్టడమంటే మనిషికి రెండో చర్మం తొడగడం. దేవుడు ఒక్కసారి కుట్టి ఊరుకున్నాడు, నేను ప్రతి సీజనుకీ కుట్టాలి. ట్రూపులో పిల్లల నడుం కొలతలు వాళ్ల తల్లులకన్నా నాకే బాగా తెలుసు. జాతర్లకి నన్ను కూడా వ్యాన్లో వేసుకెళ్లేవారు. స్టేజీ వెనక పరదా చీలికలో, పెదాల మధ్య రెండు సూదులు బిగించుకుని నిలబడేదాన్ని. ఏ హుక్కు ఊడుతుందో, ఏ కుట్టు విడుతుందో అని కాపలా. జనం డాన్సు చూసేవారు, నేను కుట్లు చూసేదాన్ని.

ఆ ట్రూపులో అందరికన్నా పెద్దావిడ ఒకామె ఉండేది. చిన్నా పెద్దా ఆమెని అప్ప అనే పిలిచేవారు, మా వైపు అక్కని అలాగే అంటారు. నేనూ అంతే. పాతకాలపు క్లబ్బు పాట ఒకటి ఆమెది. ఆమెది అని ఊరికే అనడం లేదు. మా ట్రూపులో పాట మనిషికి చెందుతుంది. ఒకరి పాట ఇంకొకరు ఆడరు. మనిషికి జ్వరమొస్తే పాటకీ జ్వరమే, ఆ ఊళ్లో ఆ పాట ఉండదు. మనిషి పోతే నలభై రోజులు ఆ పాట ఎవరూ మోగించరు. ఆ తర్వాత ట్రయలు పెడతారు. నెగ్గినవాళ్లకి పాట. ఎవరూ నెగ్గకపోతే పాట కూడా పోయినట్టే, ఇక దాని ఊసెత్తరు.

ఆ ఏడు వేసవి మొదట్లో అప్ప పోయింది. పాలకొండ వైపు వెళుతూ, వ్యాన్లో, పట్టపగలు. తల కిటికీకి ఆన్చి నిద్రపోతోందనుకున్నారు. ఊరొచ్చాక దిగమని భుజం తట్టారు. ఆ రోజు నేను వ్యాన్లో లేను. పెళ్లి జాకెట్లున్నాయని ఇంట్లో ఉండిపోయాను.

ఆ మర్నాటి నుంచి నాకు ఆమె కనబడసాగింది. ముఖం కాదు, వీపు. మిషను తొక్కుతూ తలెత్తితే ఎదర గోడ మీద వీపు. పప్పు పోపు పెడుతుంటే పొగలో వీపు. ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో ముందు బెంచీలో ఎవరో ముసలమ్మ కూర్చుంటే, ఆమెకీ అప్ప వీపే. దయ్యాల గురించి మా పాస్టరుగారు చాలా విషయాలు చెప్పారు గానీ, ఇటు తిరగని దయ్యం సంగతి ఏ ప్రసంగంలోనూ రాలేదు.

నలభై రోజులు గడిచేసరికి కబురొచ్చింది. ట్రయలుకి ఒక్కత్తే పేరిచ్చిందట, ఒడిశా సరిహద్దు నుంచి కొత్తగా చేరిన గుంట. ఆ పిల్ల నడుం ఇరవయ్యారు. నా నడుం ఎంతో చెప్పను, టేపు చిన్నది. అయినా నా పేరూ రాయమన్నాను. ఆ పాట ఆ గుంటకిచ్చేసినా, అసలు లేకుండా పోయినా, ఆ వీపుని నేను ఇంకెక్కడా చూడలేనని తోచింది. కనబడితే భయం, కనబడకపోతే అంతకన్నా భయం.

నా కుట్టుమిషను కొట్లో షట్టరు సగం దించి సాధన మొదలెట్టాను. కొట్లో అద్దం జాకెట్ల కోసం పెట్టింది, మెడ నుంచి నడుం దాకానే కనిపిస్తుంది. తలా కాళ్లూ ఏమవుతున్నాయో ఆ దేవుడికే తెలియాలి. వారం రోజులు తిండి మానేశాను, అంటే రెండోసారి పెట్టుకునే చద్దన్నం మానేశాను. మా ఆయన గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. షిఫ్టు దిగి, కళ్లు తప్ప అంతా నల్లగా ఉన్న మనిషి, షట్టరు కిందనుంచి వంగి చూశాడు.

"ఏటే, నడుం పట్టేసిందేటి? నూని రాయమంటావా?"

"డాన్సు మావా."

"ఎవులిది?"

"అప్పది."

లోపలికొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ యమ్మ పోయింది గదే."

"పాటుంది గదా."

బూట్లు విప్పడానికి ఆయనకి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. రెండోది కూడా విప్పి, పక్కన పెట్టి, "మరి ఆ మోకాళ్లకేటి సేస్తావు" అన్నాడు. మా ఇంట్లో అనుమతి అంటే అదే.

ట్రూపు గది సాలూరులో, లారీలకి బాడీలు కట్టే షెడ్డు మీద మేడ. కింద రేకుల మీద సుత్తులు పడుతుంటే పైన నేల వణికేది. ట్రూపు నడిపే పెద్దాయన్ని మాష్టారంటాం. తువ్వాలు భుజానేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆడపిల్లలు ఆరుగురు గోడకి చేరబడ్డారు. ముందు సరిహద్దు గుంట ఆడింది. ఎముకలు ఇంట్లో పెట్టి వచ్చిందా అన్నట్టు ఆడింది. మాష్టారు తలూపి, "బాగున్నాది. గాని అప్ప పాటలాగ లేదు" అన్నాడు. తర్వాత నన్ను రమ్మన్నాడు.

ఆలోచించకుండానే వాళ్లకి వీపు తిప్పాను. పరదా చీలికలోంచి చూసినట్టే మొదలుపెట్టాను. భుజం, నడుం, మడమ. మోకాళ్లు కూడా తాళం తప్పకుండా చప్పుడు చేశాయి. కొంతసేపటికి గోడ దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. ఒక పిల్ల మెల్లిగా, "అమ్మో, అప్పే" అంది. నా వీపు చల్లబడింది. గోడ మీద నన్ను వెంటాడిన వీపు అప్పుడు నాకే ఉంది, వాళ్లు దాన్ని చూస్తున్నారు.

"సాలు. ఇటు తిరుగు" అన్నాడు మాష్టారు.

తిరిగాను. అప్పుడు తెలిసింది. పన్నెండేళ్లు నేను పరదా వెనకే ఉన్నాను. ముందు నుంచి ఆ పాట ఒక్కసారి కూడా చూళ్లేదు. చేతులు ఒంటికి ముందువైపు వెళ్లి ఏం చేసేవో, ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా మోచేతులు. అందుకని మోచేతులు ఆమెవీ, చేతులు నావీ పెట్టి ఆడాను.

"సేతులేటే అవి? పిండి కలుపుతన్నావా?"

పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. నేనూ నవ్వాను. కొలత తప్పిన జాకెట్టు తిరిగొస్తే ఎలా నవ్వుతానో అలాగ. నవ్వుతూనే, "నాకు ముందువేపు తెల్దు మాష్టారూ. ఎవరైనా సూపించండి" అన్నాను.

పిల్లలు లేచారు. స్టేజీకి అటూ ఇటూ నిలబడి చూసినవాళ్లు గదా, ఎవరికి తెలిసిన ముక్క వాళ్లు తెచ్చారు. మొదటి చరణంలో కుడిచెయ్యి మెడ కింద అని ఒకత్తె. జడ ముందుకి లాక్కుని కొస వేలికి చుట్టుకునేది అని ఇంకొకత్తె. నా చేతులు పట్టుకుని అక్కడా ఇక్కడా పెట్టారు. బొమ్మకి చీర కడుతున్నట్టుంది. ఆఖర్న సరిహద్దు గుంట వచ్చింది. ట్రూపులో చేరకముందు, మొన్న చలికాలంలో, ఆ పిల్ల వాళ్లూరి జాతరలో జనంలో నిలబడి చూసిందట.

"మిషనప్పా, సివర్న ఇదిగో ఇక్కడ," అని నా ఎడమ రొమ్ము కింద చెయ్యి పెట్టింది. "ఇలగ నొక్కుకుని, కళ్లు మూసుకుని ఉండిపోయేది. అబ్బ, ఏటి ఈలలో."

"అది ఇదివరకు లేదే," అంది ఒకత్తె. "ఈయేడే కలిపింది."

"నానే సెప్పినాను," అన్నాడు మాష్టారు. "జనానికి నచ్చింది, ఇంకాసేపు ఉంచు అని."

పోయేముందు, దీపావళి వెళ్లాక అప్ప మా కొట్టుకి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే మాట. "ఒసే, ఎడం పక్క బిగుతుగున్నాది. ఊపిరాడతా లేదు. కూసింత వదులు సెయ్యి." మూడుసార్లూ కుట్టు విప్పాను. మూడోసారి, "తిండి తగ్గించప్పా, ఇంకో అంగుళం వదిల్తే ఇది షామియానా అయిపోద్ది" అన్నాను. చాలా నవ్వింది. నవ్వుతూ చెయ్యి అక్కడే పెట్టుకుంది. ఆ తర్వాత పరదా వెనక నుంచి చూస్తే, పాట ఆఖర్న ఆమె ఎడమ మోచెయ్యి పక్కకి వచ్చేది. ఇంకా బిగుతుగానే ఉన్నట్టుంది, మరో పావంగుళం వదలాలి అనుకున్నాను.

"అదీ సేసి సూపించు," అన్నాడు మాష్టారు. "అయిపోద్ది."

"అది స్టెప్పు కాదు మాష్టారూ."

"మరేటి?"

అది నొప్పి అని చెప్పాను. మూడుసార్లు వచ్చిన సంగతీ, షామియానా మాటా దాచకుండా చెప్పాను. పెంచి చెప్పే అలవాటు నాది. ఆ రోజు పెంచడానికి ఏమీ దొరకలేదు. మాష్టారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన ముఖమే మళ్లీ తుడిచాడు. సరిహద్దు గుంట ఈలల మాట అన్నందుకు కాబోలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కింద సుత్తి దెబ్బలు ఆగలేదు.

మాష్టారు తువ్వాలు మళ్లీ భుజానేసుకుని, "సరే, తీసేద్దాం," అన్నాడు. "అక్కడ ఎనిమిది లెక్కల మ్యూజిక్కున్నాది. ఇదివరకు అందులో ఏటి సేసేదో ఎవులికైనా గురుతున్నాదా?"

ఎవరికీ లేదు. నాకూ లేదు. అంతకుముందు ఆ చోట ఆమె ఏం చేసేదో ఒక్కరమూ గమనించలేదు.

"తియ్యకండి. అప్ప సేసిందే నాను సేస్తాను, పెట్టండి" అన్నాను.

పాట ఆఖరి నుంచి పెట్టారు. చెయ్యి అక్కడ పెట్టాను. కళ్లు మూసుకున్నాను. అరచేతి కింద నా గుండె మిషను పెడలులా కొట్టుకుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఎనిమిది లెక్కలంటే ఇంత పొడుగని అంతకుముందు తెలియదు. మాష్టారు ఇంకాసేపు ఉంచమంటే ఆమె ఉంచింది.

పాట ఆగింది. కళ్లు తెరిచేసరికి మాష్టారు నావైపు చూడకుండా, "నీదే" అన్నాడు. నెగ్గానన్నమాట. సరిహద్దు గుంట నా మోచెయ్యి పట్టుకుని, "అప్పా, నీకు బాగానే ఉన్నాది గదా?" అని అడిగింది.

బాగానే ఉందని చెప్పాను.

ఇప్పటికి కొన్ని సీజన్లయింది. ఆ ఎనిమిది లెక్కలు వచ్చేసరికి ముందు నుంచి ఈలలు వస్తాయి. స్టేజీకి అటూ ఇటూ మా పిల్లలు చేస్తున్న పని మానేసి వచ్చి నన్నే చూస్తూ నిలబడతారు. నేను చెయ్యి దించేదాకా ఒక్కత్తీ కదలదు.