సారమ్మ పేరు రాసిన పెట్టె

మా పెద్దమ్మ సారమ్మ కువైట్‌లో పందొమ్మిదేళ్ళకు పైగా ఒకే ఇంట్లో పనిచేసింది. ఫహాహీల్‌లో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేది ఆ ఇల్లు. అందులో మనుషులు ఇద్దరే. ఒకరు పెద్దమ్మ, ఇంకొకరు ఆవిడ మామా, అంటే అక్కడి వాడుకలో అమ్మ, అని పిలిచే ముసలి యజమానురాలు. మూడో మనిషికి గది మాత్రం ఉండేది.

ఆ మూడో మనిషి మామా కొడుకు యూసుఫ్. 1990లో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు అతన్ని గుమ్మం ముందే జీపెక్కించి తీసుకుపోయారు. అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు. మళ్ళీ కబురు లేదు. చనిపోయాడని కాగితం రాయించుకోమని బంధువులు ఎన్నిసార్లు చెప్పినా మామా ఒప్పుకోలేదు.

ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్దమ్మకి ఒక పని. యూసుఫ్ దిష్‌దాషా, పాదాల దాకా వచ్చే ఆ తెల్లని పొడుగు చొక్కా, ఇస్త్రీ చేసి, బుఖూర్, అంటే అక్కడి సాంబ్రాణి, పొగ పట్టించి మంచం మీద పరవాలి. అతని తుపాకీని నూనెగుడ్డతో తుడిచి పక్కన పెట్టాలి. సాయంత్రం రెండూ బీరువాలోకి. మొదట్లో పెద్దమ్మకి భయమేసేది. పరిచిన చొక్కా ఛాతీ దగ్గర కాస్త లేచి, మళ్ళీ పడేది. ఏసీ గాలనుకుని, ఏసీ ఆపి పరవడం మొదలుపెట్టింది.

"ఆపినా లేచేదే" అని మాతో చాలా మామూలుగా చెప్పేది.

2015లో, లైసెన్సు లేని ఆయుధాలు గడువులోగా అప్పగిస్తే కేసు ఉండదని ప్రభుత్వం ప్రకటించింది. యూసుఫ్ తుపాకీకీ లైసెన్సు లేదు. మామా టీవీ కట్టేసింది.

"ఇరాక్ వాళ్ళొచ్చిన రోజు ఈ వీధిలో పోలీసు లేడు, సారా. ఈ తుపాకీ ఒక్కటే ఉంది."

గడువు దాటిపోయింది. ఆ వారంలోనే, శుక్రవారం నమాజు వేళ, ఒక మసీదులో బాంబు పేలి చాలామంది చనిపోయారు. ఆ తర్వాత ఇళ్ళు సోదా చేయడం మొదలైంది.

అప్పటికి పెద్దమ్మ శాశ్వతంగా ఇంటికొచ్చేయడానికి టికెట్ తీసుకుని ఉంది. గల్ఫ్‌లో అందరిలాగే తనూ ఒక పెద్ద అట్టపెట్టె పెట్టుకుని, నెలకింత చొప్పున పాలపొడి డబ్బాలు, సబ్బులు, దుప్పట్లు నింపుకుంటూ వచ్చింది. పెట్టెకి నాలుగు పక్కలా నల్ల మార్కర్‌తో తన పేరు, పాస్‌పోర్టు నంబరు, నరసాపురం అని రాసుకుంది. పక్కింటి వంటమనిషి మహబూబ్ బీ, కడప మనిషి, దాన్ని చూసి నవ్వింది.

"ఏందక్కా, కువైట్ అంతా ఈ పెట్టెలోనే కూరినావా? విమానం పైకి లేస్తాదా?"

"లేవకపోతే ఎనకనుంచి నువ్వు తొయ్యి."

"నవ్వు సరే గానీ, ముసలోళ్ళ ఇండ్లు గూడా ఎతకల్లనా వీళ్ళు? బాంబు పెట్టినోడు ఈళ్ళనడిగి పెట్టినాడా?"

"నమాజుకెళ్ళినోళ్ళు మాత్రం ఎవర్నడిగి పోయారే?"

మహబూబ్ బీ కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

మర్నాడు, బుధవారం, తాడు కట్టబోతే పెట్టె కదల్లేదు. సబ్బుల వాసన రావాల్సిన చోట బుఖూర్ వాసన వచ్చింది. దుప్పటి మడత విప్పితే లోపల తుపాకీ.

"నా పెట్టెలో ఎందుకు పెట్టావు మామా?"

"పనిమనిషి పెట్టె ఎవరు విప్పుతారు?"

"నాలుగు పక్కలా నా పేరుంది. తుపాకీ నిండా నా వేలిముద్రలే ఉన్నాయి. నాది కాదంటే నా మాట ఎవరు వింటారు?"

 మామా ద్రోహం తలపెట్టిందని పెద్దమ్మ ఇప్పటికీ అనదు. ఆ ఇంట్లో ఆవిడకి నమ్మకమైన చోటు అదొక్కటేనట.

మర్నాడు గురువారం. ఆ తుపాకీని ఎక్కడ పారేసినా తన మెడకే చుట్టుకుంటుందని పెద్దమ్మకి తెలుసు. ప్రతి గురువారం ఉండే చోటే దానికి తగినదనుకుంది. చొక్కా పరిచి, కుడి చేతి దగ్గర తుపాకీ పెట్టి, తలుపు దగ్గరగా వేసింది.

పన్నెండింటికి పోలీసులు వచ్చారు. సోదాకి అనుమతి కాగితం గుమ్మంలోనే చదివి వినిపించారు. వాళ్ళతో వచ్చిన పోలీసమ్మాయి పెద్దమ్మ పెట్టెలో ఒక్కో డబ్బా తీసి చూసి, మళ్ళీ వరసగా సర్దింది. తర్వాత యూసుఫ్ గది. ముందు వెళ్ళిన కుర్ర అధికారి గుమ్మంలోనే ఆగి మెల్లగా సలాం చెప్పాడు. ఎవరో పడుకున్నారనుకున్నాడట.

"ఎవరిది ఆ తుపాకీ?" అని పెద్దమ్మ వైపు చూశాడు.

పెద్దమ్మ మామా వైపు చూసింది.

"నా కొడుకు యూసుఫ్‌ది" అంది మామా.

"ఎక్కడున్నాడు?"

"ఇంకా రాలేదు."

అతను అదే రాసుకున్నాడు.

అలా యూసుఫ్ మీద కేసు నమోదైంది. పెద్దమ్మ సాక్షి. నిందితుడు చెప్పేది వినకుండా కేసు మూయకూడదు, కేసు మూసేదాకా సాక్షి దేశం దాటకూడదు. టికెట్ రద్దయింది. కొన్నాళ్ళకి నోటీసు వచ్చింది, యూసుఫ్ పేరు మీద, హాజరు కావాలని. మామా దాన్ని కళ్ళకద్దుకుంది.

"చూశావా సారా? ప్రభుత్వమే వాణ్ణి రమ్మంటోంది."

వాయిదా ఉన్న రోజున పొద్దుటే గేటు తీసి పెట్టేది. అన్నం మూడు పళ్ళేల్లో వడ్డించమనేది. మూడు వాయిదాలు అలాగే గడిచాయి. నాలుగోసారి కోర్టు గుమాస్తా జాలిపడి చెప్పాడు: "అతను చనిపోయాడని కాగితం తెండి. కేసు అదే పోతుంది."

మామా వినిపించుకోలేదు. పెద్దమ్మ ఆవిణ్ణి అడగలేకపోయింది. ఒక తల్లిని ఏమని అడుగుతుంది? శీతాకాలం వెళ్ళిపోయింది. చివరికి ఒక గురువారం, ఇస్త్రీ చేసిన చొక్కా పరుస్తూ, తల ఎత్తకుండా అంది:

"ఊళ్ళో మా చెల్లెలు ప్రతి శనివారం నా గది ఊడుస్తోందట మామా. నా దుప్పటి దులిపి పరుస్తోందట."

మామా ఆవిడ వైపు చూసింది. తర్వాత మంచం మీది చొక్కా వైపు చూసింది. ఆదివారం పొద్దున బయటికెళ్ళేటప్పుడు వేసుకునే నల్లని అబాయా తొడుక్కుని, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి ఆ కాగితం మీద సంతకం పెట్టింది. తిరిగొచ్చాక అన్నం రెండు పళ్ళేల్లోనే వడ్డించమంది.

కేసు మూసి పెద్దమ్మ వచ్చేశాక పెట్టె విప్పినప్పుడు నేనూ, ఆ గది ఊడ్చిన చెల్లెలైన మా అమ్మా పక్కనే ఉన్నాం. పైనంతా సబ్బులు, పాలపొడి. అడుగున, దుప్పటి మడతలో, ఇస్త్రీ నలగకుండా మడిచిన తెల్లని దిష్‌దాషా. గదంతా బుఖూర్ వాసన.

"పారేద్దాం అక్కా" అంది అమ్మ భయపడుతూ.

పెద్దమ్మ పెట్టె మీద తన పేరు వైపు చూసింది.

"ఎలా పారేస్తానే? మామా నా పేరు మీద పంపింది."

ఆ వచ్చిన గురువారం మధ్యాహ్నం పెద్దమ్మ ఇస్త్రీపెట్టె వేడిచేసింది. గదిలో ఫ్యాను కూడా ఆపేసింది.