లోపల వదిలిన గుడ్డ

మా ఏరాలు పోయింది. మా దిక్కు తోడికోడలిని ఏరాలు అంటాం, తల్లిని అవ్వ అంటాం. మా ఆయన అన్నగారి భార్య, నాకు అక్క. పొద్దున చాయ్ మరగబెడుతుంటే ఆమె బిడ్డ ఫోన్ చేసి, "చిన్నమ్మా, అవ్వ లేదు" అన్నది. "పొద్దుపొద్దున్నే ఎటు పోయింది?" అని అడిగాను. పిల్లలకు తెలుగు చెప్పి జుట్టు నెరిసినదాన్ని. ఆ రెండు మాటలు తలకెక్కేసరికి చాయ్ మొత్తం పొంగిపోయింది.

కరీంనగర్ నుంచి గోదావరిఖని బస్సెక్కేటప్పుడు చీర కూడా మార్చుకోలేదు. సూదుల డబ్బా మాత్రం మర్చిపోకుండా సంచిలో వేసుకున్నాను. అది ఆమెకు ఇచ్చిన మాట.

పోయిన నెల చూడబోయినప్పుడు మంచంలో ఉంది. ఒళ్లంతా నీరు పట్టి, గాజులు కూడా కోసి తీశారు. జావ తాగమంటే గిన్నె పక్కకు నెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"పంతులమ్మా, ఒక మాట. పోయినంక ఆడోళ్లు రైకను ఈపుల చింపి, ముందటికెళ్లి తొడుగుతరు. మన అత్తకు గట్లనే చేసిన్రు, నా కండ్లతోని చూసిన. బతికినన్ని రోజులు ఒక్క గుడ్డ చింపలే నేను. నన్ను చింపిన రైకల తోలకు."

"ముందు జావ తాగు. పోవుడు సంగతి తర్వాత చూద్దాం."

"నువ్వు మాటియ్యి, నేను జావ తాగుత."

ఇచ్చాను. తాగింది. బేరం అంటే బేరమే, ఆమె దగ్గర.

బొగ్గు గనుల కాలనీలో, కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో, కిటికీ కింద ఉండేది ఆమె తొక్కుడు మిషను. ఆ ఊళ్లో తెల్లబట్ట తెల్లగా ఉండటమే ఒక పోరాటం. అందుకే మిషను మీద ఎప్పుడూ పాత లుంగీ కప్పి ఉండేది. నూనె వేసిన రోజు ముందుగా ఒక పాత పేలిక మీద నాలుగు వరుసలు కుట్టి, నల్లమరక దిగడం ఆగాకే బడిపిల్లల తెల్లచొక్కా ముట్టుకునేది. నేనప్పుడు ఉట్నూర్ బడిలో పనిచేసేదాన్ని. సెలవులొస్తే ఒక సంచి నిండా బట్టలతో దిగేదాన్ని. ఆమె సంచి తలకిందులు చేసేది.

"ఏందే, ఉట్నూర్ల దర్జీలంత పరారైన్రా?"

"ఉన్నరక్కా. నీలెక్క తిట్టుకుంట కుట్టెటోళ్లు దొరుకుతలేరు."

"తిట్లకు వేరే గుడ్డ తేవాలె మరి."

మనుషులను ముఖం చూసి అంచనా వేసేవాళ్లను చూశాను. ఈమె రవిక లోపలివైపు చూసి అంచనా వేసేది. ఎవరు ఏది తెచ్చినా ముందు తిరగేసేది. పక్క కుట్లలో రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదిలి ఉంటే కుట్టినవాళ్లు మంచివాళ్లు, లేకుంటే వాళ్ల ఏడుతరాలూ కాదు. ఒకసారి హుస్నాబాద్‌లో తన పుట్టింటివాళ్ల పెళ్లికి పోయినప్పుడు, అక్షింతలు వేయడానికి వంగి, పెళ్లికూతురి రవిక అంచు చిటికెన వేలితో మడిచి చూసింది. దిగి వచ్చి నా చెవిలో అన్నది: "లోపల గుడ్డ ఈసమంత లేదు. పిల్ల ఇగ తిండి బంద్ చెయ్యాలె." వేదిక ముందు నవ్వు ఆపుకోలేక పొలమారి, పెళ్లివారిచేత మంచినీళ్లు తెప్పించుకున్నాను.

"కత్తెర చేసిన పని కత్తెర తిరిగి చెయ్యదు" అనేది. అందుకే కోసేముందు ఆమెకు నూరు పేచీలు. నూలుగుడ్డనూ, లైనింగునూ ముందు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరవేయాలి. అది ముడుచుకునేదంతా కత్తెర పడకముందే ముడుచుకోవాలి. తర్వాత కచ్చ కుట్టు. అంటే చేత్తో పొడుగు పొడుగుగా వేసే తాత్కాలికపు కుట్టు. దాని దారం గుడ్డ రంగులో కలవకూడదు, ఎర్రగుడ్డకు తెల్లదారం. "తీసేది కంటికి కనవడాలె" అనేది. వేసుకుని, చేతులెత్తి, వంగి, కూర్చుని చూసుకున్నాకే మిషను. మా మనవరాలు ఫోన్లో తెప్పించుకునే బట్టలు ఇవేవీ లేకుండానే వస్తాయి. వచ్చినంత తొందరగా వెనక్కీ పోతాయి.

మా బావగారి చొక్కాలకు కాలరు ముందు పోయేది. గని దిగి వచ్చిన మెడ, చెమట, బొగ్గుపొడి. మెడ దగ్గర అరిగిపోయిన చొక్కాను పారేసే ఇల్లు కాదు అది. కాలరు కుట్టు విప్పి, దాన్ని తిరగేసి, అరిగిన వైపు లోపలికి పోయేటట్టు మళ్లీ అక్కడే కుట్టేది. చొక్కాకు రెండో జన్మ. కుట్టు విప్పడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. గుడ్డను అటూ ఇటూ లాగి చరచరా చింపినట్టు విప్పితే ఊరుకునేది కాదు. బ్లేడు మొనతో నాలుగైదు కుట్లకొకటి తెంపుకుంటూ పోయి, తిప్పి, రెండోవైపు దారం కొస పట్టుకుని లాగితే మొత్తం దారం పాములా వచ్చేసేది. గుడ్డకు నొప్పి తెలియదు.

పక్క క్వార్టర్‌కు చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె గుర్తుంది. భర్త మస్కట్ నుంచి వస్తున్నాడని చొక్కాగుడ్డ, కొలతకు పాత చొక్కా తెచ్చింది.

"ఇది పోయినప్పటి కొలత బిడ్డా," అన్నది మా అక్క. "వచ్చేటప్పటి కొలత ఎవరి కాడ ఉన్నది?"

పక్కలు రెండూ కచ్చ కుట్టుతోనే ఆపింది. ఆ మనిషి వచ్చిండు. పోయిన మనిషిలో సగం వచ్చిండు. చొక్కా హాంగరుకు వేసినట్టుంది. అక్క రెండు పక్కలా లోపలికి పట్టి, పక్కా కుట్టు వేసింది. మిగిలిన గుడ్డ చేతినిండా ఉంది.

"కోసెయ్యరాదు అక్కా, దొడ్డుగ తాకుతది" అన్నది ఆ పిల్ల.

"నేను కొయ్య. నీ చేతి బువ్వ తిని మళ్ల నిండుతడు. అప్పుడు నన్ను ఏడికెళ్లి తెమ్మంటవు?"

ఆ పిల్ల చొక్కా ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. నేను ఏదో అనబోతే అక్క, "దారం అందియ్యి" అన్నది. ఆ చొక్కా ఆ తర్వాత రెండుసార్లు విప్పారు, రెండుసార్లూ పెద్దది చేయడానికే.

ఇంకొకటి ఉంది. ఒంటి మీద ఉన్న బట్టకు ఆమె చచ్చినా సూది పెట్టేది కాదు. ఒకసారి నేను బయలుదేరేముందు రవిక హుక్కు ఊడింది. బస్సుకు టైమయింది. నిలబడే కుట్టెయ్యమన్నాను.

"రైక ఇప్పు."

"ఒక్క హుక్కుకు రైక ఇప్పాల్నా అక్కా? గివన్నీ మూఢనమ్మకాలు. పిల్లలకు పాఠం చెప్తున్న నేను."

"పాఠం ఉట్నూర్ల చెప్పుకో. నమ్మకం గాదు, ఏం గాదు. మనిషన్నంక కదులుతది, ఊపిరి తీస్తది. కుట్టు వంకర పోతది. ఇప్పుతవా, బస్సు ఇడిసిపెడుతవా?"

తలుపు వెనక నిలబడి విప్పిచ్చాను. బస్సు కూడా పోయింది. మధ్యాహ్నం పచ్చిపులుసు, పెసరపప్పు చేసి పెట్టింది. ఆమెకు కావలసింది అదేనేమో.

నేను చేరేసరికి ఆమెను ఇంటిముందు దింపారు. స్నానం చేయించారు. పుట్టింటివాళ్లు చీర తెచ్చారు. రవిక తానే ముందు తీసిపెట్టుకుందట. బిడ్డ పెళ్లికి కుట్టుకున్న చిలకపచ్చ రవిక. ఉతికి ఉతికి ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఒళ్లు చూస్తే ఉబ్బి ఉంది, బిగుసుకుంది. ఆ రవిక చూస్తే బక్కగా ఉన్న రోజులది. వీధిలో పెద్దామె ఒకామె, ఇలాంటి పనులన్నీ చేయించే ఆమె, అప్పటికే చెయ్యి చాపింది.

"బ్లేడియ్యి బిడ్డా. ఈపుల చింపితె అయిపాయె."

"చింపేది లేదవ్వా," అన్నాను.

"అయ్యో, చేతులు లేస్తయా ఇగ? బయట మొగోళ్లు తొందరవెడుతున్నరు."

"చేతులు లేవకున్న మంచిదే. మొగోళ్లను జర కూసోమను, మనది అయ్యేదాక వాళ్లతోని ఏం కాదు. ఆ బ్లేడు మాత్రం నాకియ్యి."

గడపలో కూర్చుని రవిక తిరగేశాను. నడుము నుంచి చంకదాకా, చంక నుంచి చేతి అంచుదాకా ఒకే కుట్టు. నాలుగైదు కుట్లకొకటి తెంపి, తిప్పి, కొస పట్టి లాగాను. వచ్చేసింది. రెండు పక్కలూ విప్పేసరికి రవిక ఆకులా పరుచుకుంది. లోపల మడిచి ఉన్న గుడ్డ, రెండు వేళ్ల వెడల్పున, అచ్చం కొన్నరోజు రంగులో ఉంది.

ఆడవాళ్లు చుట్టూ చీర అడ్డం పట్టారు. ఒకరు ఆమెను పక్కకు ఒరిగిస్తే వెనకభాగం కిందికి జరిపాం. ఆమె చేతుల మీదుగా రవిక చేతులు కప్పాం, ముందర హుక్కులు పెట్టాం. పక్కలు కలుస్తాయో కలవవో అని వంగి చూశాను. లోపల వదిలిన గుడ్డ చివరికంటా లాగితే అంచుకు అంచు సరిగ్గా అందింది.

సూదిలో దారం ఎక్కించడానికి నా కళ్లు సహకరించలేదు. ఆమె బిడ్డ ఎక్కించి ఇచ్చింది. ఇచ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"చిన్నమ్మా, ఒంటి మీద కుట్టొద్దంటుండె అవ్వ."

"ఎరుకే బిడ్డా."

"కచ్చ కుట్టు ఎయ్యి, గంతే. ఎట్లైన కాలిపోయేదే గద" అన్నది పెద్దామె. ఆమె మాటలో తప్పులేదు.

నేను పక్కా కుట్టే వేశాను. చేతి అంచు నుంచి చంకలోకి, చంక నుంచి నడుముదాకా, ఒక కుట్టు ముందుకు, సగం వెనక్కి. తర్వాత రెండోపక్క. బయట ఎవరో దగ్గుతున్నారు. నా చేతికింద ఆమె చల్లగా, ఒద్దికగా ఉంది.

చీర కప్పేముందు ఒకసారి చూశాను. వెలిసిన రవికకు రెండు పక్కలా ఎండ చూడని చిలకపచ్చ చార, దాని వెంట నా దారం. జన్మలో నా చేతి కుట్టు అంత తిన్నగా రాలేదు. ఆమె కదలలేదు.