బలం మాత్రలు

మునిరత్నమ్మ అబద్ధమాడదని నగరి మగ్గాల వీధుల్లో ఎవరూ అనరు. ఆడుతుందనే అంటారు, అదీ మెచ్చుకోలుగా. ఆశా కార్యకర్తగా సర్కారు ఆమె చేతికిచ్చింది మాత్రలూ టీకా కార్డులే. వాటిని ఇళ్లలోకి దాటించే దారి మాత్రం ఆమె సొంతం. ఇనుము మాత్ర మింగనని మొండికేసిన గర్భిణికి, అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చానని చెప్పేది. సూదికి జంకే తల్లికి, టీకా పడ్డ చేతి మీద గంగమ్మ చెయ్యి ఉంటుందని చెప్పేది. మాత్ర లోపలికి పోయేది, సూది పడేది. పైవాళ్లకు కావలసింది అంతే. ఏం చెప్పి ఒప్పించావని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆమె రెండో విద్య కోలాటం. మొగుడు దొరస్వామి పగలంతా మరమగ్గం మీద నిలబడి, సాయంత్రం ఆమె పాటకు డోలక్ వాయిస్తాడు. ఆమెకు బాగా పేరు తెచ్చింది జడ కోలాటం. పందిరి దూలానికి ఇనుప కడియం ఒకటి వేలాడదీస్తారు. దాన్నించి రంగురంగుల తాళ్లు దిగుతాయి. ఒక్కొక్కరూ ఎడమచేత తాడు, కుడిచేత కోల పట్టుకుంటారు. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఎదురైన మనిషి కోలకు కోల తగిలించి, ఒకరిని లోపలి నుంచీ మరొకరిని బయటి నుంచీ దాటుతారు. పైన తాళ్లు జడలా అల్లుకుంటూ దిగుతాయి. జడ పెరిగేకొద్దీ తాళ్లు పొట్టివై వలయం ఇరుకవుతుంది. భుజాలు రాసుకునేంత దగ్గరికి వచ్చాక అందరూ వెనక్కి తిరిగి, అల్లిన దారినే విప్పుకుంటూ పోవాలి. మధ్యలో తాడు వదలకూడదు. అల్లిన జడ విప్పకుండా పోతే ఇంటికి మంచిది కాదంటారు.

ఈ ఆటలో ఒక తిరకాసు ఉంది. ఒక్క మనిషి రాకపోయినా జత చెడుతుంది. అందుకని రాని మనిషి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టక తప్పదు. పొద్దస్తమానం మగ్గాల రొదలో, ఒకరి మాట ఒకరికి వినబడని ఇళ్లలో ఉండే ఆడవాళ్లకు అదేమీ చిన్న సంగతి కాదు. మునిరత్నమ్మకు అది తెలుసు. తెలియనిదల్లా, ఆ మధ్య ఫ్లెక్సీ కట్టి, ఫొటోలు దిగి, వడలు తిని వెళ్లిన ఒక సంస్థ పెద్దమనిషికి. మనసు జబ్బులకు కోలాటాన్ని మించిన మందు లేదని అతను మైకులో అన్నాడు. ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్లలో చంద్రకాంతమ్మ ఉంది.

చంద్రకాంతమ్మ కోడలు రూపశ్రీ. కాన్పయిన కొన్నాళ్లకే ఆ పిల్ల తల దువ్వుకోవడం మానేసింది. బిడ్డ ఏడుస్తుంటే వేరే ఇంట్లో ఎవరో ఏడుస్తున్నట్టు గోడను చూస్తూ కూర్చునేది. మునిరత్నమ్మ శిక్షణలో నేర్పిన ప్రశ్నలన్నీ అడిగింది. జవాబులు విన్నాక ఆలస్యం చేయలేదు, తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి మనసు డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, చెప్పకుండా ఆపొద్దని గట్టిగా చెప్పింది.

ఆ మాటను ఉన్నదున్నట్టుగా చంద్రకాంతమ్మ చెవిన వేసి ఉంటే ఈ కథ లేదు. మునిరత్నమ్మకు అలా చెప్పే అలవాటు లేదు. మనసు జబ్బు అంటే ఆ వీధిలో పిచ్చి అని అర్థం. పిచ్చి అంటే పిల్లను పుట్టింట దిగబెట్టి రావడమని అర్థం. అందుకని ఇవి బలం మాత్రలని చెప్పింది. గంగమ్మకు జడ కోలాటం మొక్కుకుంటే కోడలు తేరుకుంటుందని కూడా చెప్పింది. మందు కోసం ఒక అబద్ధం, పిల్లను గడప దాటించడం కోసం ఇంకొకటి. రెండూ పారాయి.

రూపశ్రీ కోలాటానికి వచ్చింది. మొదట్లో కోల కూడా సరిగా పట్టేది కాదు. పక్కన ఆడే గ్రేసీ ఆమెను ఊరుకోనిచ్చేది కాదు. గ్రేసీ చర్చికి పోయే మనిషి. మీ పాస్టరు ఏమనడా అని ఎవరైనా ఎకసెక్కమాడితే, కాళ్లే ఆడినాయి గానీ నోరు ఆడలేదని చెప్పుకుంటానంటుంది. ఆమె వేళాకోళాలకు రూపశ్రీ ఒకరోజు నవ్వింది. ఇంకో రోజు ఇంటికి వెళ్లి అడిగి మరీ సంగటి పెట్టించుకుంది. చంద్రకాంతమ్మ వీధంతా చెప్పుకుని మురిసింది.

మొక్కు తీర్చడానికి ఒక మంగళవారం పొద్దున్నే పందిరి వేశారు. కరెంటు తీసేసే రోజు కనుక మగ్గాలు ఆగి ఉన్నాయి. చంద్రకాంతమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. దొరస్వామి డోలక్ బిగించాడు. మునిరత్నమ్మ తానూ ఒక తాడు పట్టుకుని, తాను కట్టిన పాటే ఎత్తుకుంది.

"పడుగు నాదమ్మా, పేక నీదమ్మా, నడుమ నలిగే పోగు ఎవరిదమ్మా?"

ఆమె ఒక చరణం పాడితే మిగతావాళ్లు అందుకోవాలి. వాళ్లు అందుకున్న కాసేపే ఆమెకు ఊపిరి. సరిగ్గా ఆ సందులోనే రూపశ్రీ ఎదురొచ్చింది. కోలకు కోల తగిలింది.

"అక్కా, మాత్రలు లేవు."

దాటిపోయింది. అయిపోయి ఉంటాయి, తెప్పించాలి అనుకుంది మునిరత్నమ్మ. తర్వాతి చుట్టులో, అయిపోయినాయా అని అడిగింది. రూపశ్రీ తల అడ్డంగా ఊపింది. అత్త ఆపేసిందనీ, పోయిన నెలే ఆపేసిందనీ ఆ పై చుట్టులో చెప్పింది. మొక్కు పలికింది, పిల్ల తింటోంది, ఇంక పాలిచ్చే తల్లికి బలం మాత్రలెందుకు, బిడ్డకు వేడి చేస్తాయి అన్నదట. ఆ మాటలో తప్పేమీ లేదు. బలం మాత్రల విషయంలో ఏ అత్తయినా అలాగే అనుకుంటుంది.

మునిరత్నమ్మ గొంతులో చరణం తడబడింది. దొరస్వామి తలెత్తి చూశాడు. ఆమె కోలతో చౌకం, నెమ్మదించు అని సైగ చేసింది. ముగింపుకు వచ్చేకొద్దీ దరువు పెంచడం అతని గొప్ప. ఇదేం తిక్క అన్నట్టు మొహం పెట్టి, అయినా తగ్గించాడు.

చుట్టు తిరిగింది. నిద్ర లేదంది రూపశ్రీ. ఇంకో చుట్టులో, బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు భయమంది. మొహంలో ఏమీ లేదు. కోల మాత్రం తప్పకుండా వచ్చి తగులుతోంది. దేనికి భయమని అడిగే సందు దొరకలేదు. చరణం అందుకోవాలి. మునిరత్నమ్మ పాడుతూనే, ఆ పిల్ల ఒక్కొక్కరినీ దాటుకుంటూ మళ్లీ తన ఎదుటికి వచ్చేదాకా చూసింది.

"చేతులు వదిలేయమంటా ఉండాయి అక్కా."

తాళ్లు పొట్టివయ్యాయి. వలయం కుదించుకుపోయింది. ఇప్పుడు ఒకరి మాట ఇంకొకరి చెవిన పడేంత దగ్గర. ఈ పిల్ల ఇంటి నాలుగు గోడల మధ్య చెప్పుకోలేనిది ఇక్కడ చెబుతోంది. ఇక్కడైతే ఎవరూ ఆమె మొహం చూడరు, ఎవరూ ఆగి ప్రశ్నించరు. కానీ ఇంకో రెండు చుట్లయితే ఇక్కడా గుట్టు ఉండదు. పాట ఆపితే చంద్రకాంతమ్మ హారతి ఇప్పించి కోడలిని తిన్నగా ఇంటికి తీసుకుపోతుంది. ఆపకపోతే అందరూ వింటారు. మునిరత్నమ్మ పాట ఆపలేదు.

ఈసారి రూపశ్రీ పెదవులు మాత్రమే కదిలాయి. "అత్తా, ఆయనా రేపు తిరుత్తణికి పెండ్లికి పోతా ఉండారు. ఇంట్లో నేనూ పాపే."

అన్నదే గానీ దాటలేదు. బయటి నుంచి పోవలసింది లోపలికి దూరింది. తాడు తాడు మీద పడి పీటముడి బిగిసింది. వెనక వస్తున్న గ్రేసీ ఆమె వీపుకు తగిలి ఆగిపోయింది. కోలలు ఒక్కొక్కటే ఆగాయి, చివరకు డోలక్ కూడా.

చంద్రకాంతమ్మ బిడ్డతో లేచి నిలబడింది.

"మొక్కులో చిక్కు పడిందే. ఏం మే మునిరత్నమ్మా, ఏం లోటు జరిగింది? అమ్మకు కోపమొచ్చిందా?"

ఎవరూ తాడు వదలలేదు. వదలడం తెలియదు వాళ్లకు. అందరూ పీటముడి కింద, కట్టేసినట్టు, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. దొరస్వామి పరిస్థితి సర్దబోయాడు. అమ్మకు కోపం కాదు, దరువు చౌకమై ఆడోళ్లు నిద్రపోయినారు, ఇదంతా నా పెండ్లాం పుణ్యం అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. చంద్రకాంతమ్మ నవ్వలేదు. హారతి ఇచ్చి పిల్లను ఇంటికి తీసుకుపోతాననీ, రేపు పెళ్లి నుంచి వచ్చాక శాంతి చేయిస్తాననీ అంది.

ఇంకో అబద్ధం మునిరత్నమ్మ నోటి దాకా వచ్చింది. అమ్మ అడుగుతోంది, పిల్లను ఈ రోజే తిరుపతికి తీసుకుపొమ్మంటోంది అంటే చాలు. చంద్రకాంతమ్మ కళ్లకద్దుకుని బయలుదేరుతుంది. పని జరుగుతుంది. ఎప్పుడూ జరిగేదే. కానీ వచ్చే నెల మళ్లీ ఎవరో, అమ్మ చల్లబడింది, ఇంక మాత్రలెందుకు అంటారు.

"అమ్మకేం కోపం లేదు, చంద్రకాంతమ్మక్కా. నేను నీకు సెప్పింది అబద్ధం. అవి బలం మాత్రలు కావు. మనసు జబ్బుకు మాత్రలు. మొక్కు గూడా నేనే పుట్టించినా. మాత్రలు ఆపకూడదు. ఈ పొద్దే ఆసుపత్రికి పోవాల."

రూపశ్రీ చెప్పిన మిగతా మాటలు మునిరత్నమ్మ బయటపెట్టలేదు. అవి ఆమెవి కావు.

చంద్రకాంతమ్మ మొహం నల్లబడింది. "ఇంతమందిలో నా కోడలికి పిచ్చి అంటావా?"

"పిచ్చి అనలేదు. జబ్బు అంటా ఉండా."

"నా ఇంట్లో కూసోని, నా చేతి కాఫీ తాగి, బలం మాత్రలని సెప్పినావే. నిజం సెప్పుంటే నేను ఆపుంటానా మే?"

ఆపేది కాదేమో. పుట్టింటికి పంపేదేమో. ఆ రెండింటిలో ఏది జరిగేదో తెలుసుకునే అవకాశాన్ని మునిరత్నమ్మ చంద్రకాంతమ్మకు ఇవ్వనే లేదు.

చంద్రకాంతమ్మ కోడలి కేసి చెయ్యి చాచి, రామ్మే ఇంటికి పోదాం అంది. రూపశ్రీ కదల్లేదు. ఎడమచేతి తాడును మణికట్టుకు ఒక మెలిక చుట్టుకుంది.

"అత్తా, రేపు నన్ను పాపతో వదలొద్దు."

చంద్రకాంతమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అయింది. మనవరాలిని రొమ్ముకు అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది. రూపశ్రీ ఆ అడుగును చూసింది. అందరూ చూశారు. గ్రేసీ తన కోల కింద పడేసి, ఖాళీ అయిన చేతిని రూపశ్రీ భుజం మీద వేసింది. ఈసారి ఏ వేళాకోళమూ ఆడలేదు.

బిడ్డ కెవ్వుమంది. చంద్రకాంతమ్మ కిందికి చూసి, తాను ఎంత గట్టిగా అదిమిందో అప్పుడు గమనించి, పట్టు సడలించింది. ధనంజయను పిలవండి అంది. కొడుకు టీ అంగడి దగ్గర ఉన్నాడు. కారు మాట్లాడి తెమ్మని చెప్పమంది.

మునిరత్నమ్మ తన తాడును దొరస్వామి చేతికిచ్చి, బయటికి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. కారు వచ్చాక వెనక సీట్లో కూర్చోబోతే చంద్రకాంతమ్మ తలుపు పట్టుకుని అడ్డం నిలబడింది. మునిరత్నమ్మ ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. దిగమని ఎవరూ అనలేదు. కారు పుత్తూరు దాటింది. అద్దంలో ఆమెకు చంద్రకాంతమ్మ, పక్కన రూపశ్రీ, ఆ పక్కన ధనంజయ కనిపిస్తున్నారు. బిడ్డ నాయనమ్మ ఒళ్లో ఉంది. రూపశ్రీ చేతులు రెండూ తొడల కింద దాచుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నీ విని, రూపశ్రీని కొన్నాళ్లు ఇక్కడే ఉంచాలంది. మందు ఎవరు ఆపారని అడిగింది. మునిరత్నమ్మ ముందుకు వచ్చింది. చంద్రకాంతమ్మ ఆమె మాట మొదలు కాకుండానే అడ్డుపడింది.

"నేనే ఆపినా. తెలీక." తర్వాత పక్కకు తిరక్కుండానే, "నువ్వు మాట్లాడొద్దు మే. నీ మాటలు శానా విన్నా."

మాత్రల పేరేమిటో, ఏ పూట వెయ్యాలో, పాలలోకి దిగుతాయో లేదో, ఎన్నాళ్లు వాడాలో చంద్రకాంతమ్మ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. ఈ జబ్బును ఏమంటారో కూడా అడిగింది. డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఆ మాటను పలికి చూసింది. రెండోసారి సరిగా వచ్చింది. మీరు ఆపడం వల్లే ఇంత వచ్చిందని డాక్టరమ్మ అనలేదు. అనని ఆ మాట కూడా మునిరత్నమ్మకే తగిలింది.

వార్డులో బిడ్డ పాలకు ఏడ్చింది. రూపశ్రీ మంచం మీద లేచి కూర్చుంది గానీ చేతులు చాచలేదు. ధనంజయ తల్లి కేసి చూశాడు. ఆమె బిడ్డను ఊపింది, భుజం మార్చింది, కిటికీ దాకా నడిచి వచ్చింది. ఏడుపు ఆగలేదు.

మునిరత్నమ్మ తలుపు బయటే నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. రూపశ్రీ పక్కన ఒకరు కూర్చుంటే చాలని ఆమె చెప్పగలదు. చెబితే చంద్రకాంతమ్మ వినదు. వినకపోవడం న్యాయమే.

చంద్రకాంతమ్మ మంచం దగ్గరికి వచ్చి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, కోడలి పక్కన తొడకు తొడ ఆనించి కూర్చుంది. బిడ్డను రూపశ్రీ ఒళ్లో పెట్టింది. పెట్టి చెయ్యి తీయలేదు. బిడ్డ తల కింద రూపశ్రీ అరచెయ్యి, దాని కింద ఆమె అరచెయ్యి.

"పట్టుకో మే," అంది. "నేను ఈడనే ఉండా గదా."

బిడ్డ తాగడం మొదలుపెట్టింది. ఎవరో నర్సు వచ్చి తలుపు దగ్గర నిలబడకూడదంటే, మునిరత్నమ్మ వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.