కత్తెరమ్మ మోచెయ్యి

బట్టల షాపులో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ షాపు వెనక గదిలో, తలుపంత బల్ల ముందు నిలబడి బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించింది. ఎనిమిది పొరల గుడ్డ పరిచి, సుద్దముక్కతో ఒక్క గీత గీసి, కత్తెర దించిందంటే చివరిదాకా ఆగేది కాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకూ ఆ గదిలో ఆమెకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఇంటికి వస్తే ఆమె మాటకు విలువిచ్చేవాళ్ళు లేరు.

ఇంట్లో ఉన్నది మాస్టారు, ఆమె మొగుడు. ముప్ఫైయేళ్ళు హైస్కూల్లో పిల్లలచేత డ్రిల్లు చేయించి రిటైరయ్యాడు. గ్రౌండు పోయింది గానీ గొంతు పోలేదు. పిల్లలు లేరు కనక అరవడానికి మిగిలింది ఆమె ఒక్కతే. గ్లాసు నీళ్ళు అడిగి, వచ్చేదాకా పైకి అంకెలు లెక్కపెట్టేవాడు. అది విని వీధివాళ్ళు నవ్వుకునేవారు. మొదటి కొన్నేళ్ళు ఆమె కూడా నవ్వింది.

ఒకరోజు పై అరలోంచి గుడ్డ తాను దించబోయి స్టూలు మీద నుంచి పడింది. కుడి మోచెయ్యి కీలు తప్పింది, ఎముక చిట్లింది. కీలు సరిచేసి మూడు వారాలు కట్టు ఉంచారు. కట్టు విప్పేసరికి చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. చూడ్డానికొచ్చిన షాపాయన, "బడులు తెరిచే నాటికి వచ్చెయ్యమ్మా. అప్పటిదాకా నీ బల్ల ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత నన్నేమీ అనొద్దు" అన్నాడు. బడులు తెరవడానికి పది వారాలుంది. ఆ రాత్రి నుంచి ఆమె కళ్ళు మూసినా తెరిచినా ఆ బల్లే.

ఫిజియోథెరపీ గది ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. రెండు మంచాలు, గోడకు ఒక కప్పీ, దానికో తాడు. ఫిజియో అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. జామెట్రీ బాక్సులో ఉండేలాంటి ప్లాస్టిక్ కొలబద్ద మోచేతికి ఆనించి, ఎంత వంగుతోందో కాగితం మీద రాసుకుంది.

"మీ చెయ్యి మీరే వంచుకోవాలి ఆంటీ. నొప్పి మొదలయ్యేదాకా వంచి, అక్కడ ఆపెయ్యాలి. పూటకి పదిసార్లు, అంతే. పక్కవాళ్ళు లాగకూడదు, రుద్దకూడదు, బరువులు కట్టకూడదు. విన్నారా అంకుల్?"

"విన్నానమ్మా, విన్నాను" అన్నాడు మాస్టారు.

గేటు దాటగానే మొదలుపెట్టాడు. "నా సర్వీసంత లేదు ఆ పిల్ల వయసు. నాకు చెబుతుందా! నొప్పి దగ్గర ఆపేస్తే ఇంకేం ఎక్సర్‌సైజు? అసలు పని మొదలయ్యేదే అక్కడ."

ఆమె "పూటకి పదైతే బడులు తెరిచేలోపు అవుతుందంటారా?" అంది.

ఆ మాట ఎందుకన్నానా అని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఇంటి తాళాలు తీసి చేతికిచ్చినట్టయింది.

మర్నాటి నుంచి వంటింటి గుమ్మమే గ్రౌండయింది. ఆమె పీట మీద కూర్చుని నోట్లో తువ్వాలు కుక్కుకునేది. అతను ఒక చేత్తో ఆమె జబ్బ, ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుని నొక్కేవాడు. "ఊఁ, ఇంకా... ఇంకా! మొహం ఏంటే అలా పెట్టావు? ఏడో క్లాసు పిల్లలు నయం నీకంటే." అలా యాభై. తర్వాత నూనె పోసి బొటనవేళ్ళతో రుద్దుడు. సాయంత్రం చెయ్యి తిన్నగా రావడానికి మణికట్టుకు సగం నీళ్ళ బకెట్టు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా, అతను యాభై దగ్గర ఆగితే ఆమే తువ్వాలు తీసి "ఇంకో పది" అనేది.

నిజానికి పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ అంత దగ్గరగా ఉన్నది ఆ రోజుల్లోనే. ముద్ద కలిపి నోట్లో పెట్టేవాడు. "నమలవే, చూస్తావేం" అని కసిరేవాడు గానీ, వేడిగా ఉంటే ముందు ఊదేవాడు. ఆ ఊదడం చూసే ఆమె చాలా భరించింది.

రెండు వారాలు చెయ్యి కొంచెం కొంచెం వంగింది. తర్వాత ఆ వంగడమూ తగ్గిపోసాగింది. ఫిజియో అమ్మాయి మోచేతి మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఇంత వేడిగా ఉందేంటి? లోపల గట్టిగా తగులుతోంది. ఇంట్లో ఎవరైనా లాగుతున్నారా ఆంటీ?"

"అబ్బే, నువ్వు చెప్పినంతేనమ్మా" అన్నాడు మాస్టారు.

"నేను ఆంటీని అడిగాను. జబ్బ మీద ఈ నల్లమచ్చలేంటి?"

"తలుపు తగిలింది" అంది ఆమె.

"నాలుగు వేళ్ళూ విడివిడిగా పడేలా తగిలిందా తలుపు?"

ఆమె నేల చూసింది. నిజం చెబితే ఈ పిల్ల అన్నీ ఆపించేస్తుంది. ఆపితే బల్ల పోతుంది. "అంతేనమ్మా" అంది. ఆ అమ్మాయి ఎక్స్‌రేకి చీటీ రాసిచ్చింది. మాస్టారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అక్కడే ఉంచేశాడు. ఆ సాయంత్రం నుంచి బకెట్టు నిండుగా నింపాడు.

తొమ్మిదో వారంలో ఒక పొద్దున అతను నొక్కితే చెయ్యి కదల్లేదు. గోడను తోసినట్టుంది.

"బిగపట్టకు!"

"నేను బిగపట్టలేదండీ."

చిత్రమేమిటంటే, ఆ రోజు నొప్పి కూడా లేదు.

ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే, డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. కీలుకు ముందు, కండలో, వంతెనలా కొత్త ఎముక. "దెబ్బతిన్న మోచేతిని బలవంతంగా లాగితే ఇలా పెరుగుతుంది. అది పెరగడం ఆగి ముదిరేదాకా ఆపరేషను చెయ్యకూడదు" అన్నాడు.

"దీనికి మొదట్నించీ బద్ధకం డాక్టరుగారూ" అన్నాడు మాస్టారు.

బడులు తెరిచారు. షాపాయన బల్ల ఇంకొక అమ్మాయికి ఇచ్చాడు. "చెయ్యి బాగైతే వచ్చే ఏడాది ఇద్దరికీ పని చూస్తాలే" అని ఫోనులో చెప్పాడు. ఏడు నెలలకు ఎముక ముదిరింది. ఈలోగా కీలు లోపల కూడా పాడైంది. ఇక కదలిక రాదని, ఆపరేషను చేసి ఒక వంపులో కదలకుండా బిగించడం ఒక్కటే చెయ్యగలనని డాక్టరు చెప్పాడు. ఫిజియో అమ్మాయి కాగితాలతో పక్కనే నిలబడింది.

"సగానికి వంచి బిగిస్తే బల్ల మీద పనికి అందుతుంది, నోటికి అందదు. బాగా మడిచి బిగిస్తే నోటికి అందుతుంది, బల్ల పని కుదరదు. ఏదో ఒకటే. ఏది కావాలి?" అన్నాడు డాక్టరు.

"నోటికేనండీ" అన్నాడు మాస్టారు, ఆమె వైపు చూడకుండానే. "ఎన్నాళ్ళని తినిపిస్తాను? ఇంకేం పనిలెండి. నా పెన్షనుంది. ఇంట్లోనే పడుంటుంది."

ఆమె తల ఎత్తింది.

"బల్లకి పెట్టండి డాక్టరుగారూ."

"మతి పోయిందా? తిండెలా తింటావే?"

"ఎడంచెయ్యి ఉందిగా."

"ఆ షాపువాడు పిలుస్తాడని నమ్మకమేంటి?"

"లేదు."

"అయితే ఇక నేను తినిపించను. ముందే చెబుతున్నా."

"వద్దండీ."

ఫిజియో అమ్మాయి మెల్లగా అడిగింది. "బలవంతంగా లాగింది ఎవరో ఫైల్లో రాయాలి ఆంటీ."

"మా ఆయన. రాసుకో. ఇంకో పది అన్నది నేను. అది కూడా రాసుకో."

"నీ మంచికే కదే" అన్నాడు మాస్టారు.

"తెలుసండీ" అంది.

మరుసటి సీజనుకు షాపాయన పిలిచాడు. బల్లకు ఓ మూల ఇచ్చాడు. ఎనిమిది పొరలు ఇప్పుడు రెండే. గీత వంపు తిరిగిన చోట చెయ్యి తిరగదు కనక ఆమే బల్ల చుట్టూ తిరుగుతుంది. కొత్త అమ్మాయి పక్కకు తప్పుకుని దారిస్తుంది, నిట్టూరుస్తుంది. జీతం సగం.

మొదటిరోజు పని నుంచి వచ్చి కంచం ముందు కూర్చుంది. ఎడంచేత్తో చెంచా ఎత్తింది. సగం ఒళ్ళో పడింది. ఎదురుగా ఉన్న మాస్టారు లేవబోయాడు.

"కూర్చోండి" అంది.

కూర్చున్నాడు. రెండోసారి చెంచా నోటి పక్కకు వెళ్ళింది. చెంపకు అంటిన మెతుకులు తుడుచుకోలేదు. అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె తినడం ఆపి, అతను మళ్ళీ ఇటు తిరిగేదాకా ఆగింది. తిరిగాక చెంచా ఎత్తింది. కంచం ఖాళీ కావడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ అతన్ని లేవనివ్వలేదు.