నిలిచేదానికి కుట్టిన ముక్కు

అల్లూరులో చెవులు కుట్టాలంటే కంసాలి హజరత్తయ్యే. బిడ్డ నోటికి బెల్లం అందించి, చెవిని వెలుతురుకు పట్టి నరం చూసుకుని, "తమ్మెకా, పైచెవికా?" అని అడుగుతాడు. ఆ ఉదయం చంటివాడితో వచ్చిన మాలకొండమ్మనూ అలవాటుగా అదే అడిగాడు. ఆమె మొదటి బిడ్డలిద్దరికీ తమ్మెలు కుట్టింది ఆయనే. ఇద్దరూ అమ్మవారు పోసి పోయారు. "వీడు నిలిచేదానికి యాడ కుట్టాల్నో ఆడ కుట్టన్నా," అందామె.

బిడ్డలు దక్కని ఇంట పుట్టినవాడికి ముక్కు కుట్టడం ఆనవాయితీ. హజరత్తయ్య ముక్కుకూ ఆ పాత చిల్లు ఉంది. సూది దిగుతున్నంతసేపూ మాలకొండమ్మ బిడ్డను కాక ఆ చిల్లునే చూస్తూ కూర్చుంది. "నువ్వు నిల్చినావు గదన్నా," అంది. ఆయన తలూపాడు. తన తర్వాత పుట్టిన తమ్ముడికీ ముక్కు కుట్టారనీ, వాడు ఏడాదైనా నిండకుండానే పోయాడనీ చెప్పలేదు.