పైకప్పు బియ్యం

కిందటి వానాకాలం మున్నేరు పొంగి మా ఇంట్లోకి వచ్చి వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ సున్నం కొట్టించినా గోడల్లోంచి ఆ బురద వాసన పోలేదు. పొయ్యి మీద చారు మరుగుతున్నా దాన్ని దాటుకుని వచ్చి ముక్కుకి తగులుతుంది. తగిలినప్పుడల్లా, పెనుగంచిప్రోలు పక్కన మా పల్లెలో నాయనమ్మ వెనక నడిచిన రోజులే మనసులోకి వస్తాయి.

అప్పట్లో మా పల్లెలో ఎసరు పెట్టిన ప్రతి ఆడమనిషీ కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, దేవుడి వంతని ముంతలో వేసేది. శనివారం పొద్దుగూకే వేళ నాయనమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలు వంపుకొచ్చేది. ఒకింట్లో తెల్లబియ్యం, ఒకింట్లో దంపుడు బియ్యం, లేనివాళ్ళింట్లో నూకలు, అన్నీ కలిసి చర్చిలో పెద్ద బానలోకి పోయేవి. నూకలు వేశారని ఎవరినీ ఒక్క మాట అనేది కాదు గానీ, ముంత ఖాళీగా కనబడితే మాత్రం, "ఏమే, మీ ఇంట్లో అందరూ ఉపవాసమా?" అని వీధంతా వినబడేలా అడిగేది.

ఆ బియ్యం అమ్మి చర్చికి పెంకులు వేయించాలని ఆమె పట్టుదల. చర్చి ఎత్తు దిబ్బ మీద ఉండేది, రాతి గోడలు, పైన తాటాకు. వానొస్తే పాట ఆపకుండానే చాపలు అటూ ఇటూ జరుపుకునేవాళ్ళం. పెంకు కింద ఒక్కసారి ప్రార్థన చేసుకుని కన్నుమూస్తానని నాయనమ్మ అందరితో చెప్పేది.

ఒక ఏడు పత్తిలో కలుపు తీసే రోజుల్లో, మా నెత్తిన ఎండ కాస్తుండగానే ఏరు వచ్చింది. పైన ఖమ్మం వైపు కురిసిన వాన మాకేం తెలుసు? నీళ్ళు నల్లబడి నురుగు కట్టడం చూసి నాయనమ్మ, ఇసకలో ఆడుకుంటున్న మమ్మల్ని జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. చంటిపిల్లలతో, మేకలతో, గంపల కింద కోళ్ళతో పల్లెంతా దిబ్బెక్కింది. సాయంత్రానికి ఇళ్ళ కొప్పులు మాత్రమే కనబడ్డాయి, వెనకాలే వాన కూడా అందుకుంది.

మర్నాటికి పిల్లలం ఏడవడం కూడా మానేశాం. అందరి కళ్ళూ బాన మీదే. నాయనమ్మ దాని మూత మీద చెయ్యేసుకుని కూర్చుంది. చివరికి మా అమ్మే అడిగింది.

"అత్తా, లెగు. పిల్లలు తలలు వాల్చేశారు."

"దేవుడి కప్పుకి దాచిందే అది."

"దేవుడు తడిస్తే ఆరతాడు. వీళ్ళు పోతే రారు."

నాయనమ్మ లేచి మూత తీసింది. బియ్యమైతే వచ్చాయి గానీ పొయ్యిలోకి ఎండు పుల్ల లేదు, కట్టెలన్నీ ఏటిపాలయ్యాయి. ఆమె పైకి చూసింది. బల్ల ఎక్కి, కప్పు లోపలి వరసలో తడవని తాటాకు ఒకటి లాగి మా అమ్మ చేతిలో పెట్టింది.

"కానీ. ఎట్టాగూ పాతదేగా" అంది.

ఇక అందరూ లాగారు. ఆ మూల వాన పడుతుంటే ఈ మూల అన్నం ఉడికింది, ఒక మెతుకు గంజైపోయి, ఒక మెతుకు పలుకై. మాతో చిక్కుకుపోయిన, ఎప్పుడూ మా చేతి నీళ్ళైనా ముట్టని రైతింటి ఆమె మాకు వీపు పెట్టి కూర్చుని తింది, మళ్ళీ పెట్టించుకుంది. ఆ వరదలో మా పల్లెలో ఎవరూ పోలేదు. నాయనమ్మ మాత్రం ఆ తర్వాత కొన్నాళ్ళకి, పెంకు చూడకుండానే పోయింది.

ఇప్పుడు చర్చికి స్లాబు ఉంది, మైకు ఉంది. కిందటేడు వరదకి అందరం అక్కడికే ఎక్కాం, ఒక్క చినుకు మీద పడలేదు. అన్నం పొట్లాల ట్రాక్టరు మర్నాడు గానీ రాలేకపోయింది. ఆ బాన ఎప్పుడో పగిలింది. కానుకలు ఫోన్లోనే వేస్తున్నారు, ఆ రోజు కరెంటు లేక ఫోన్లూ చచ్చి పడున్నాయి. మనవరాలు "అమ్మమ్మా, ఏదన్నా పెట్టవే" అంటే పెట్టడానికి నా దగ్గర ఒక్క గింజ లేదు.

మొన్న ఆరాధన అయ్యాక ఆడవాళ్ళని ఆపి, పిడికెడు మళ్ళీ మొదలుపెడదామన్నాను.

"కోటా బియ్యం దేవుడికేం వేస్తాం పెద్దమ్మా?" అని ఒకామె నవ్వింది.

"దేవుడు తినడే. నీ పిల్లలే తింటారు, వెయ్యి" అన్నాను.

కొందరు వేస్తున్నారు. చాలామంది ఇంకా నవ్వుతూనే ఉన్నారు.