రెండు వైశాఖాల ఏడాది

మా నాన్న కర్మకాండ ముగిసిన మర్నాడు, నాకు మెడికల్ కాలేజీలో సీటు వచ్చిందని పోస్టులో కబురు వచ్చింది. డెబ్బై ఒకటో సంవత్సరం, ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చిన రోజులు. నేను గుండుతో వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాను. కాగితం చదివి లోపలికి పరిగెత్తబోయి, ఎవరికి చెప్పాలో తోచక గుమ్మంలో ఆగిపోయాను. ఆ సీటు కోసం నాకంటే ఎక్కువగా ఎదురుచూసినవాడు మా నాన్నే.

పెదనాన్నకి చూపించాను. ఆయన చోడవరం కోర్టులో గుమాస్తా. నాన్న పోయాక ఇంటికి ఆయనే దిక్కు.

"ఈ ఏడు కుదర్దురా" అన్నారు. "నువ్వు కర్తవి. నెలనెలా మాసికం పెట్టాలి. సంవత్సరీకం అయ్యేదాకా పరాన్నం ముట్టకూడదు. హాస్టల్లో ఎవడో వండింది ఎలా తింటావు?" నేను నోరు తెరిచేలోగా అసలు మాట అనేశారు. "పైగా అక్కడ మొదటి ఏడే శవాల్ని కోయిస్తారట. తండ్రి పోయిన ఏడాదిలో ఉన్నవాడివి, శవాన్ని ముట్టుకుంటావేటి?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, నా మార్కులు ఎక్కడికీ పోవనీ ధైర్యం చెప్పారు. మార్కులు ఎక్కడికీ పోలేదు. నేనూ పోలేదు.

చోడవరంలో పనిలేని పదిహేడేళ్ళవాడికి బస్టాండుని మించిన కాలక్షేపం లేదు. రోజూ సాయంత్రం అక్కడికి పోయి నిలబడేవాణ్ణి. మాడుగుల నుంచి వచ్చే బస్సు, అనకాపల్లి మీదుగా విశాఖపట్నం పోయే బస్సు, చెరుకు బళ్ళు, వాటి వెనక చెరుకు లాక్కుని పరిగెత్తే గుంటపిల్లలు. హోటల్లో టీ తాగకూడదు, ఇడ్లీ తినకూడదు. ఆ చలికాలం బస్టాండు ముందు రోడ్డు వెడల్పు చేసి తారు వేశారు. కంకర పరవడం దగ్గర నుంచి రోలరు తిరగడం దాకా అంతా నిలబడి చూశాను. అంతకంటే పెద్ద సంగతి నాకు ఆ ఏడాది ఏదీ జరగలేదు.

"ఏం డాక్టరు బాబూ, నీ బస్సు ఇంకా రాలేదేటి?" అనేవాడు కిళ్ళీబడ్డీ ఆయన. నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆయన మీద, బస్సు మీద, పెదనాన్న మీద, చివరికి పోయిన మా నాన్న మీద కూడా కోపమే. ఇంకో నెల ఆగి పోకూడదా అనుకున్న రోజులున్నాయి.

ఇంటికొస్తే అమ్మ. ఆవిడకి ఏడాది తిరిగేదాకా వీధి గడప దాటే వీల్లేదు. గది, వంటిల్లు, పెరట్లో నుయ్యి, అంతే. నేను తినేది ఆవిడే వండేది. బయట ఏం జరిగిందని ఎప్పుడూ అడిగేది కాదు, నేనూ చెప్పేవాణ్ణి కాదు. విస్తరి ముందు కూర్చుని ముభావంగా తిని లేచిపోయేవాణ్ణి.

సంక్రాంతి వెళ్ళాక నా స్నేహితుడొకడు చూడడానికి వచ్చాడు. మాడుగులవాడు, నాతోపాటే సీటు వచ్చి చేరినవాడు. హల్వా పొట్లం తెచ్చాడు. దాన్ని అరుగు మీద మా ఇద్దరి మధ్యా పెట్టుకుని, శవానికి పట్టించే మందు వాసన చేతుల్ని ఎలా వదలదో, ఎముకల పేర్లు ఎలా బట్టీపడతారో చెప్పాడు. "తినరా" అన్నాడు. తినకూడదన్నాను. "నువ్వింకా అందులోనే ఉన్నావేట్రా" అని జాలిపడ్డాడు. వాడు వెళ్ళాక పొట్లాన్ని అటుగా పోతున్న ఆవుకి పెట్టేశాను. హల్వా పోయినందుకు కాదు, వాడు జాలిపడినందుకు ఏడుపొచ్చింది.

అయినా రోజులు దగ్గరపడుతున్నాయి కదా అని ఓర్చుకున్నాను. వేసవిలో ఒక మాసికం నాడు, పిండాలు పెట్టి లేచాక, పురోహితుణ్ణి అడిగాను, సంవత్సరీకం ఇంగ్లీషు తారీకు ప్రకారం ఎప్పుడొస్తుందని.

"ఈ ఏడు వైశాఖం రెండు కదా బాబూ. అధిక మాసం పడింది. మీ నాన్నగారి తిథి ఆగస్టులోకి పోతుంది" అన్నాడాయన, చేతులు కడుక్కుంటూ.

ఏడాదంటే పన్నెండు నెలలనుకున్నాను నేను. పెదనాన్నా అలాగే అనుకున్నారు. ఇంట్లో ఎవరికీ అధిక మాసం సంగతి తట్టలేదు. జులై ఆఖరుకల్లా కాలేజీలో చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

సీటు మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితం చూస్తే భయం వేసింది.

పెదనాన్న పడక్కుర్చీలో కూర్చుని దాన్ని రెండుసార్లు చదివారు. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడి కర్మల్లో తక్కువ చేశారని రేపు ఎవరైనా అంటారేమోనని బెంగ. "కోర్టులో కాపీలు రాసే పని ఒకటి ఖాళీ అవుతోంది. ప్రస్తుతానికి అందులో చేరు. వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. వచ్చే ఏడు ఉండదని నాకు తెలిసిపోయింది. ఆ కోర్టు వరండాలో బల్ల, సిరాబుడ్డి, నా జుట్టు నెరవడం, అన్నీ కళ్ళకి కట్టాయి.

అప్పుడు వంటింటి తలుపు చాటు నుంచి అమ్మ గొంతు వినబడింది. పెళ్ళయి వచ్చిన దగ్గర నుంచి ఆవిడ బావగారి ఎదుట మాట్లాడి ఎరగదు.

"విశాఖపట్నంలో గది తీసుకుంటే నేను వండి పెడతానండీ. నా చేతి అన్నం వాడికి పరాన్నం కాదు కదా."

"ఏడాది తిరక్కుండా నువ్వు గడప దాటతావేటమ్మా?" అన్నారు పెదనాన్న. "నలుగురూ ఏటంటారు?"

"నన్నంటారు. వాణ్ణనరు."

"మరి శవాన్ని ముట్టుకోవడం?"

"వాళ్ళ నాన్నని మోసిన రోజున స్నానం చేసి ఇంట్లోకి వచ్చేడు. అక్కడా అలాగే చేస్తాడు" అంది అమ్మ.

పెదనాన్న లేచి కండువా భుజాన వేసుకుని వీధిలోకి నడిచారు. మర్నాడు కోర్టు నుంచి వస్తూ ఒక కిరసనాయిలు స్టవ్వు కొని తెచ్చి, వంటింటి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయారు.

నలుగురి కంటా పడకుండా మొదటి బస్సుకి బయలుదేరాం. తెల్లవారుతోంది. అమ్మ ముసుగు కప్పుకుని, కుడిచేత్తో స్టవ్వు పట్టుకుని, గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి దాటేసింది. దారంతా తల దించుకునే నడిచింది. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళ కింద నేల మారినట్టు అనిపించిందేమో, ఆగి తల ఎత్తింది. అటూ ఇటూ చూసింది.

"ఈ తారురోడ్డు ఎప్పుడేసేర్రా?" అని అడిగింది.

కంకర పరిచిన రోజు దగ్గర నుంచి అంతా నాకు తెలుసు. "బస్సులో చెబుతాను" అన్నాను. ఆవిడ చేతిలో స్టవ్వు అందుకుని బస్సెక్కాను.